గ్లౌజు చాటున గాయం

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి శుభాలు కురియుగాక!



ఆమధ్య నెల్లూరు సముద్రతీరాన ఒక పల్లెలో జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుండగా ఒక సోదరుడు మాకు సలాం చేసి నిలబడ్డాడు. "మౌలానా సాబ్! మా ఇంటావిడ రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతుంది. మొన్న ముల్లు గుచ్చుకుని వేలు చీరుకుంది. ఇప్పుడు చీము పట్టింది. చెబితే గేటు కాడే వెనక్కి పంపిస్తారు, ఆ రోజు కూలి పోతుంది. గ్లౌజు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా పోతే గునా అవుతుందా?" అని అడిగాడు.

ఈ ప్రశ్నలో పేదరికమూ ఉంది, దైవభీతీ ఉంది. అందుకే ఒక్క మాటతో తేల్చివేయడం మాకు న్యాయంగా తోచలేదు. తోటపల్లి గూడూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వంటి తీర మండలాల్లో రొయ్యల సాగు విస్తరించింది. దాని వెంట తలలు తీయడం, పెంకు ఒలవడం, గడ్డకట్టించడం వంటి పనులూ వచ్చాయి. మన ఇళ్ల ఆడవాళ్లు ఎందరో ఈ పనులతో బిడ్డల్ని పోషిస్తున్నారు. వారందరికీ ఈ జవాబు అవసరమే.

ఒకసారి దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజల్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది.

గమనించండి! వాన కురవడం ఆ వర్తకుడి తప్పు కాదు. తడిని దాచడమే తప్పు. అలాగే వేలికి గాయం కావడం మన సోదరి తప్పు కాదు. దాన్ని దాచి ఇతరులు తినే ఆహారాన్ని ముట్టుకోవడం తప్పు. చీము పట్టిన పుండులో ఉండే కొన్ని క్రిములు ఆహారంలో విషాన్ని వదులుతాయి. వండినా ఆ విషం పూర్తిగా విరగదు. గడ్డకట్టిస్తే క్రిములన్నీ చచ్చిపోతాయనుకోవడం కూడా పొరపాటే. గ్లౌజు చిరిగితే చీము నేరుగా రొయ్యకే అంటుతుంది. దాన్ని తినేది ఏ దేశంలోని పసిబిడ్డో మనకు తెలియదు. తెలియని మనిషి ప్రాణం కూడా మన చేతిలో అమానతే!

నిద్ర లేచినవారు చేతులు మూడుసార్లు కడుక్కోకుండా పాత్రలో ముంచరాదని ప్రవక్త (సఅసం) బోధించారు. రాత్రి చేయి ఎక్కడెక్కడ తగిలిందో మనిషికి తెలియదన్నది దానికి ఆయన చెప్పిన కారణం. కంటికి కనిపించని మలినం పట్ల కూడా జాగ్రత్త వహించాలని ఆనాడే నేర్పిన ధర్మం మనది. పాత్రలోకి ఊపిరి వదలవద్దన్నారు. తుమ్ము వస్తే ముఖం కప్పుకునేవారు. గోళ్లు కత్తిరించుకోవడం మానవ సహజ ధర్మమన్నారు.

కంపెనీ గేటు దగ్గర అడిగేదీ ఇదే కదా! ఉంగరాలు, గాజులు, తలలో పూలు తీసి లోపలికి పోవాలి. జుట్టంతా టోపీలోకి పోవాలి, మాస్కు ముక్కును కూడా కప్పాలి. సబ్బుతో చేతులు కడిగి, క్లోరిన్ నీటిలో ముంచాలి. బూట్లతో క్లోరిన్ తొట్టిలో అడుగుపెట్టి దాటాలి. మరుగుదొడ్డికి వెళ్లి వస్తే మళ్లీ మొదటినుంచి కడుక్కోవాలి. గోళ్ల రంగు ఉంటే వుజూ నీరు గోటిని తాకదు. ఆ రంగే పెచ్చులుగా ఊడి రొయ్యల్లో పడుతుంది. విరేచనాలు, వాంతులు, కామెర్లు ఉన్నప్పుడు ఆహారం ముట్టుకునే పనికి పోరాదు. మన దేశపు ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఇలాంటి కార్మికులకు ఏడాదికొకసారి వైద్య పరీక్ష తప్పనిసరి.

శుభ్రత లోపిస్తే నష్టం ఒక్కరితో ఆగదు. పారిశుద్ధ్య లోపాల కారణంగా 1997లో యూరోపియన్ యూనియన్ మన దేశపు చేపలు, రొయ్యల దిగుమతిని కొంతకాలం నిలిపివేసింది.

అయితే యజమానులారా! మీతోనూ ఒక మాట. నిజం చెప్పిన మనిషికి కూలి పోతే, అబద్ధం నేర్పింది ఎవరు? గాయపడిన కార్మికురాలికి కట్టు కట్టించి, ఆహారం తగలని మరో పని ఇవ్వండి. ఈఎస్ఐ ఉన్నవారికి అర్హతను బట్టి జబ్బు సెలవులో 70 శాతం వేతనం అందుతుంది. కానీ ఒకటి రెండు రోజుల సెలవుకు అది సాధారణంగా అక్కరకు రాదు. ఆ లోటు మీరే పూడ్చాలి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (సఅసం) బోధ, రక్తం కారినప్పుడు వర్తించదా?

కార్మికుల ప్రాణాలు కూడా అమానతే. 2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలోని ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేస్తూ విషవాయువు సోకి ఐదుగురు మరణించారు. గాలి పరీక్షించకుండా అలాంటి ట్యాంకులోకి ఎవరినీ దించకండి. లోపల ఒకరు పడిపోతే సాధనాలు లేకుండా వెంట దూకకండి, కాపాడబోయినవారూ బలవుతారు. శీతలీకరణకు వాడే అమ్మోనియా ఘాటు తగిలితే తడిగుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకుని, గాలివాటుకు అడ్డంగా బయటికి నడవండి. కళ్లు మండితే మంచినీళ్లతో పావుగంట కడగండి. అత్యవసర ద్వారానికి తాళం వేయడం మహా పాపమని యజమానులు తెలుసుకోవాలి. మిమ్మల్ని మీరు వినాశనంలో పడవేసుకోకండని దివ్య ఖుర్‌ఆన్ (2:195) హెచ్చరిస్తోంది.

ఆ సోదరుడికి మేము చెప్పింది ఇదే: "భాయ్! దాచవద్దని చెప్పండి. సూపర్‌వైజరుకు వేలు చూపించమనండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నీరు తగిలితే హాని కలిగేటట్లయితే వుజూలో కట్టుపై తడిచేత్తో మసహ్ చేస్తే చాలు. గాయపడినవారికి అల్లాహ్ తన ఆరాధనలోనే వెసులుబాటు ఇచ్చాడు."

కూలి మాటేమిటి? అదే మస్జిదు పెద్దలతో మాట్లాడాము. బైతుల్‌మాల్ నుంచి ఆ మూడు రోజుల ఖర్చు వారు భరించారు. ప్రతి తీరగ్రామంలోనూ మస్జిదు కమిటీలు ఇలాంటి చిన్న నిధి ఉంచుకోవాలని మనవి. నిజాయితీగా ఉండమని పేదవారికి బోధించి, ఆకలిని వారికే వదిలేయడం ధర్మం కాదు.

అల్లాహ్ మన చేతుల్నీ, మన మనసుల్నీ, మన సంపాదననూ పరిశుద్ధం చేయుగాక! ఆమీన్.