నా చెయ్యి ఎక్కడిదాక?

మూడేండ్ల సంది ఒక ప్రశ్న నన్ను తొలుస్తున్నది. పిల్లవాడి పని సగంల ఆగిపోతే పంతులు తన చేత్తో దాన్ని పూర్తి చేయొచ్చునా? చేస్తే అది సాయమా, దొంగతనమా?

నేను ఉప్పల్‌లో ఒక కాలేజీల యానిమేషన్ చెప్త. ఆఖరి ఏడు పిల్లలు ఒక్కొక్కరు ఒక చిన్న సినిమా చేసి ఇయ్యాలె. వాటిని ఒడ్డుకు చేర్పించే పని నాది. జనవరిల అందరి కథలు ఆకాశమంత ఉంటయి. మార్చి వచ్చేసరికి సగం సినిమాలు ఉప్పల్ నుంచి నారపల్లి దిక్కు 2018లో మొదలుపెట్టి ఏండ్లకేండ్లు స్తంభాలుగానే నిలబెట్టిన ఫ్లైఓవర్ లెక్క అయితయి. స్తంభాలుంటయి, మీద తొవ్వ ఉండదు.

ఇది ఎంత చాకిరో బయటోళ్లకు తెల్వది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు గీయాలె. రెండు నిమిషాలకు 1,440 బొమ్మలు. మనిషి నడిచినట్టు కనబడాలంటే కాలు నేలకు ఆనే బొమ్మ, బరువు కిందికి దిగే బొమ్మ, ఒక కాలు ఇంకో కాలును దాటే బొమ్మ, ఒళ్లు పైకి లేచే బొమ్మ – ఈ నాలుగు ముఖ్యం. వాటి నడుమ ఖాళీలన్నీ ఓపికతోని నింపాలె.

ఆ ఏడు నాచారం బస్తీ నుంచి ఒక మాదిగ పిలగాడు మా క్లాసుల ఉండె. వాళ్లమ్మ రోడ్లు ఊడుస్తది. చీకటి ఉండంగనే చీపురు పట్టుకొని ఇల్లు దాటుతది. ఇండస్ట్రియల్ ఏరియా ఫ్యాక్టరీ గేట్ల ముంగట నుంచి నడుచుకుంట పోయి, తెల్లారేసరికి రోడ్డు మొదలు దగ్గర నిలబడ్తది. అదే వాని సినిమా. మాటలు లేవు. చీపురు చప్పుడు ఒక్కటే.

వానికి ఇంట్ల కంప్యూటర్ లేదు. ల్యాబు అయిదింటికి మూస్తరు. క్లాసుల కొందరికి పెద్ద ల్యాప్‌టాపులున్నయి. కొందరు పైసలిచ్చి బయట చేయించుకుంటరని అందరికీ తెలుసు, ఎవ్వరూ అనరు. వీడు నెల రోజులు ఒక్క నడక మీదనే కూసున్నడు. ఆఖరి తేదీ రెండు రోజుల్ల ఉన్నది. తెరిచి చూస్తే కుడి కాలు అడుగు 11 ఫ్రేములు, ఎడమ కాలు అడుగు 17 ఫ్రేములు. మామూలు నడకకు అడుగుకు 12 అని నేనే క్లాసుల చెప్పి ఉన్న. పిలగాడు లెక్క తప్పిండనుకున్న.

మనోడు, ఫెయిలైతే ఇంటికాడ ఏమైతదో నాకెర్కే. ఆ రాత్రి నేనే కూసున్న. పన్నెండు, పన్నెండు చేసిన. మిగిలిన ఖాళీలు నింపిన, రంగులేసిన. మాపటి దాన్క వానిది కాని సినిమా తెల్లారేసరికి తయారైంది. చూడవచ్చిన పెద్దమనుషులు నడక బాగా కుదిరిందని మెచ్చుకున్నరు. మార్కులు వచ్చినయి. నేను మురిసిన.

వారం దాటినంక వాడు వచ్చిండు.

"సార్, మా అమ్మకు ఫోన్ల చూపెట్టిన. రెండుసార్లు చూసింది. ఎవరు బిడ్డా ఈమె అన్నది."

నేను మాట్లాడలేదు.

"ఆమెకు ఎడమ మోకాలు అరిగిపోయింది సార్. నేను ఎనకాల నడుచుకుంట వీడియో తీసి లెక్కపెట్టిన. పదిహేడు నేను లెక్కపెట్టి గీసినయే."

తిట్టినా బాగుండు. వాడు తిట్టలేదు. "సినిమా మీదిగద సార్, నా పేరు ఎందుకేసిన్రు" అని మాత్రం అడిగిండు.

చిన్నప్పుడు బడిలో నేను "వస్తున్న" అని రాస్తే ఎర్ర సిరాతోని కొట్టేసి "వస్తున్నాను" అని దిద్దిన పంతుళ్లను నేను జన్మల మర్చిపోను. మా వాడ మాటను తప్పు అన్నరని ఎన్ని సభల్ల మాట్లాడిన! అదే నేను ఒక మాదిగ తల్లి కాలును తప్పు అని దిద్దిన. ఎర్ర సిరా ఒక్కటే లేదు. తప్పు పుస్తకానిది కూడా కాదు. రిచర్డ్ విలియమ్స్ 2001లో అచ్చేసిన పాఠ్యపుస్తకం మాలాంటోళ్లందరికీ ఆధారం. ఒక్కో మనిషి నడక ఒక్కో తీరు అని ఆయన పేజీలకు పేజీలు చెప్పిండు. నేను మొదటి పేజీ దగ్గర్నే ఆగిపోయి అదే న్యాయం అనుకున్న.

ఏకలవ్యుని కథ మనోళ్లందరం చెప్పుకుంటం. ద్రోణుడు బొటనవేలు అడిగి తీసుకున్నడు. నేను అడగనన్న అడగలేదు. నా చెయ్యి ఇచ్చి, వాని చెయ్యికి పని లేకుండ చేసిన. ప్రేమతోని చేసిన అంటే తప్పు చిన్నదైతదా?

ఇంకో సంగతి ఒప్పుకోవాలె. పంతులును కాకముందు నేను ఆరేండ్లు స్టూడియోల్ల నడుమ బొమ్మలు నింపిన. హైదరాబాదుల కలర్ చిప్స్, డీక్యూ లాంటి సంస్థలు విదేశీ సీరియళ్లకు పనిచేసిన కాలం చూసినోణ్ని. ఈ పనిల కూడ మెట్లున్నయి. ముఖ్యమైన బొమ్మ గీసేటోడు పైన, నడుమ బొమ్మలు నింపేటోడు కింద. కిందోని పేరు తెర మీద అరుదు. అమెరికాలో డిస్నీ స్టూడియో పనివాళ్లు 1941లో సమ్మె చేసింది జీతాల కోసమే కాదు, తెర మీద పేరు కోసం కూడ. నా పేరు లేదని అంత ఏడ్చినోణ్ని, వాని పేరు కింద నా పని దాచిపెట్టిన. నాకు పేరు లేకుండ చేసినోళ్లు ఒక అబద్ధం ఆడితే, నేను దాన్ని తిరగేసి ఆడిన.

ఇక్కడ ఒక ప్రమాదం ఉన్నది. "చూసిన్రా, సాయం చేయొద్దు, ఎవని ప్రతిభ వానిది" అని మెరిటు మాట్లాడేటోళ్లు ఎగిరి గంతేస్తరు. వాళ్లకు నేను ఈ కథ ఇయ్యను. వాళ్ల పిల్లలకు ఇంట్ల కంప్యూటరుంటది, ఇంగ్లిషు వచ్చిన తండ్రి ఉంటడు, కొనుక్కున్న పనోడు ఉంటడు. ఆ సాయాలన్నింటికీ ప్రతిభ అని పేరు. మా పిలగానికి ల్యాబు తాళం తెరిస్తే మాత్రం దయ అంటరు. సాయం తప్పు కాదు. ఏ సాయం అన్నదే ప్రశ్న.

నాకు జవాబు మా నాయిన దగ్గర దొరికింది. ఆయన చెప్పులు కుట్టేది. నేను మొదటిసారి కుట్టిన చెప్పుకు కుట్టు వంకర పోయింది. నాయిన దాన్ని గుంజుకొని విప్పలేదు. ఆరె నూరి ఇచ్చిండు, తోలు తడిపి ఇచ్చిండు, చీకటైతే దీపం పట్టుకొని పక్కన కూసున్నడు. "నువ్వే విప్పు, నువ్వే కుట్టు" అన్నడు. రాత్రి తొమ్మిదైంది. దీపం దించలేదు, నా చేతుల నుంచి చెప్పు తీసుకోలేదు.

అంబేద్కర్ చేసింది కూడ ఇదే కద. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టిండు, 1946లో బొంబాయిల సిద్ధార్థ కాలేజీ తెరిచిండు. చదువుకునే జాగ ఇచ్చిండు. ఎవ్వరి బదులూ పరీక్ష రాయలేదు.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్న. టైము, మిషను, తాళంచెవి, బస్సు కిరాయి, ఆకలైతే అన్నం – ఇవి అడగకముందే ఇయ్యాలె. ల్యాబు రాత్రి తొమ్మిది దాన్క తెరిచి ఉంచాలని కొట్లాడి సాధించుకున్నం. కథ పెద్దగైతే నేను నింపను, కూసొని చిన్నగ చేయిస్త. మూడు నిమిషాలది నలభై సెకన్లైతది. నలభై సెకన్లకు 480 బొమ్మలు. ఒక మనిషి గీయగలిగిన లెక్క అది. లెక్క తప్పినట్టు కనబడితే "ఎందుకిట్ల?" అని ముందుగాల అడుగుత. ఎవరు ఏం సాయం చేసిన్రో ఆఖరికి తెర మీద రాయాలె, నాతో సహా.

దీనివల్ల అందరూ పాసైతలేరు. పోయిన ఏడు ఒకమ్మాయి సినిమా ఆగిపోయింది, మళ్ల ఏడు కట్టాల్సి వచ్చింది. వాళ్ల నాయిన వచ్చి "మీరు తలుచుకుంటే ఒక్క రాత్రి పని గద సార్" అన్నడు. నిజమే. ఆ మాటకు నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. తాళంచెవి ముందుగాల ఇచ్చి ఉంటే ఆ రాత్రి అక్కరనే రాకపోవు అని మాత్రం తెలుసు.

ఆ నాచారం పిలగాడు ఎడిటింగ్ పనిల కుదిరిండు. నడక మళ్ల గీద్దాం రా అని పిలిచిన. రాలేదు. పాత ఫైలు మాత్రం, పదకొండు పదిహేడుది, అడిగి తీసుకపోయిండు.

నిన్న రాత్రి ఒక పిలగాడు మౌసు నా దిక్కు జరిపిండు. "సార్, రేపే లాస్ట్ డేట్. మీరే చేసేయున్రి, పది నిమిషాలల్ల అయితది."

నిజంగనే పది నిమిషాల పని. తాళంచెవి వాని ముంగట పెట్టి, ఇద్దరికీ చాయ్ తెద్దామని కిందికి దిగిన.