సెవిల్‌లో సెలవుల ఆఖరి రోజు

చదవవలసిన భాగం: మత్తయి 25:31–46

స్పెయిన్ దక్షిణాన సెవిల్ నగరంలో, గ్వాదల్కివీర్ నది ఒడ్డుకి దగ్గర్లో, ఒక పాత ధర్మాసుపత్రి ఉంది. పేరు ఓస్పితాల్ దె లా కారిదాద్. ఆ ఊరికి వచ్చినవాళ్లు ముందు చూసేది పెద్ద కెథడ్రల్, దాన్ని ఆనుకున్న గిరాల్దా గోపురం, ఆ తర్వాత అల్కాసర్ రాజభవనం. ఈ ఆసుపత్రి ప్రార్థనాలయానికి చాలామంది ఆఖరి రోజున, ఇంకా కాస్త టైము మిగిలితే వస్తారు. మేమూ అలా వచ్చినవాళ్లమే. మర్నాడు పొద్దున్నే మద్రిద్ రైలు. నా భార్యకి వంతెన దాటి త్రియానా పేటలో రంగుల పింగాణీ పలకలు చూడాలని ఉంది. నాకు గిరాల్దా మరోసారి ఎక్కాలని ఉంది. సెలవుల్లో ఆఖరి రోజు ఎంత హాయిగా గడిచినా లోపల ఒక లెక్క నడుస్తూనే ఉంటుంది. ఇది చూడలేదు, అది తినలేదు, మళ్లీ ఎప్పుడొస్తామో! ఇద్దరి మనసుల్లోనూ ఆ లెక్కే ఉండగా లోపలికి అడుగుపెట్టాం.

గుమ్మం దాటగానే, వాల్దెస్ లెయాల్ 1670–72 మధ్య గీసిన రెండు పెద్ద చిత్రాలు ఎదురెదురు గోడల మీద కనిపిస్తాయి. ఒకదానిలో అస్థిపంజరం. చంకలో శవపేటిక, ఆ చేతిలోనే కొడవలి, ఒక కాలు భూగోళం మీద. రెండో చేత్తో కొవ్వొత్తి వెలుగుని ఆర్పేస్తోంది. కింద కుప్పగా కిరీటాలు, కత్తులు, కవచాలు, లావుపాటి గ్రంథాలు. రెండో చిత్రంలో చీకటి నేలమాళిగ. మూత తెరిచిన పెట్టెలో ఒక బిషప్పుగారి శరీరం, విలువైన వస్త్రాల్లోనే, కుళ్లిపోతోంది. పురుగులు పాకుతున్నాయి. పక్కన ఒక వీరుడి శవం. పైనుంచి మేకు గాయమున్న చెయ్యి ఒకటి త్రాసు పట్టుకుని ఉంది. ఒక పళ్లెంలో పాపాలకు గుర్తులు, రెండోదానిలో భక్తికీ ప్రాయశ్చిత్తానికీ గుర్తులు. నా భార్య చాలాసేపు చూసి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

వీటిని గీయించినవాడు మిగెల్ మన్యారా. 1627లో కలిగిన వర్తక కుటుంబంలో పుట్టాడు. ఆయన యౌవనం చుట్టూ కథలు చాలా అల్లారు, వాటి జోలికి నేను పోను. 1649లో సెవిల్‌కి ప్లేగు వచ్చి, ఊళ్లో దాదాపు సగం మంది పోయారని అంచనా. ఆ ఊళ్లోనే ఆయన పెరిగాడు. 1661లో భార్య హెరోనిమా చనిపోయింది. మరుసటి ఏడాది ఆయన కారిదాద్ సహవాసంలో చేరాడు, 1663లో దానికి పెద్దగా ఎన్నికయ్యాడు. ఉరికంబం మీద పోయినవాళ్లనీ, నదిలో కొట్టుకొచ్చిన అనాథ శవాలనీ ఎత్తి మర్యాదగా పాతిపెట్టడం ఆ సహవాసం చేసే పని. మన్యారా దానికి ఆసుపత్రిని జోడించాడు. దిక్కులేని రోగులకు పడకలు వేయించాడు. తాను పోయాక తన శరీరాన్ని గుడి గుమ్మం దగ్గరే, వచ్చేపోయేవాళ్ల కాళ్ల కింద పడేలా పాతిపెట్టమని కోరాడు. 1679లో చనిపోయాడు.

మరణం గురించిన ప్రసంగాలు మనం ఎన్నో విన్నాం. వాటిలో చాలా వరకు ఆ మొదటి రెండు చిత్రాల దగ్గరే ఆగిపోతాయి. భయపెడతాయి, కళ్లు తడిపిస్తాయి, ఇంటికి పంపేస్తాయి. మన్యారా అక్కడ ఆగనివ్వలేదు. ఆ రెంటినీ దాటి ముందుకి నడిస్తే రెండు పక్కల గోడల మీద మురిల్యో చిత్రాలు మొదలవుతాయి. ఆ చిత్రకారుడు కూడా ఈ సహవాసంలో సభ్యుడే. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడానికి గుర్తుగా ఐదు రొట్టెల అద్భుతం. దాహానికి నీళ్లివ్వడానికి మోషే బండను కొట్టడం. పరదేశిని చేర్చుకోవడానికి అబ్రాహాము ఇంటికి వచ్చిన ముగ్గురు. బట్టలివ్వడానికి తప్పిపోయిన కుమారుడికి తండ్రి తెప్పించిన కొత్త వస్త్రాలు. రోగిని చూడబోవడానికి బేతెస్ద కోనేటి దగ్గరి మనిషి. చెరలో ఉన్నవాణ్ణి పలకరించడానికి పేతురు సంకెళ్లు విప్పిన దూత. మత్తయి 25లో ప్రభువు చెప్పిన ఆరూ అక్కడున్నాయి.

వాటిలో నాలుగింటిని నెపోలియన్ సైన్యంతో వచ్చిన మార్షల్ సూల్ట్ పట్టుకుపోయాడు. ఇప్పుడవి లండన్, ఒట్టావా, వాషింగ్టన్, సెయింట్ పీటర్స్‌బర్గ్ మ్యూజియంలలో ఉన్నాయి. వాటి చోట నకళ్లు వేలాడదీశారు. కళాభిమానులకు అది తీరని లోటే, నాకూ బాధ కలిగింది. కానీ బయటి వసారాల్లోకి వచ్చాక, ఆ భవనంలో ఈనాటికీ పేద వృద్ధులను ఉంచి చూసుకుంటున్నారని తెలిసింది. మూడున్నర శతాబ్దాలు దాటినా ఆ పని అక్కడ సాగుతూనే ఉంది. మురిల్యో గీసిన రంగులకంటే నన్ను నిలబెట్టేసింది అదే.

ప్రభువు చెప్పినవి ఆరు కదా. సంఘం తరతరాలుగా వాటికి ఏడోదాన్ని చేర్చి చెబుతోంది, చనిపోయినవారిని పాతిపెట్టడం. అది మురిల్యో గీతల్లో లేదు. గుడి చివర, ప్రధాన బలిపీఠం మీద, పెద్రో రోల్దాన్ చెక్కిన నిలువెత్తు బొమ్మల్లో ఉంది. సిలువ మీదినుంచి దించిన యేసు శరీరాన్ని సమాధిలోకి దింపుతున్నారు. అరిమతయియ యోసేపు, నీకొదేము వంగి మోస్తున్నారు. నేరస్థుడిగా చంపబడిన మనిషి శవం అది. ఉరికంబం దగ్గర ఎవరూ ముట్టని శరీరాన్ని భుజానికెత్తుకున్న ఆ సహవాసంవాళ్లు, ఆదివారం ఆ బలిపీఠం ముందు మోకరించినప్పుడు ఏం చూసి ఉంటారో ఆలోచించండి. కోవిడ్ రెండో అల రోజుల్లో మన ఊళ్లలోనూ అయినవాళ్లే దగ్గరికి రాని శవాలను ఎవరో కుర్రాళ్లు పీపీఈ సూట్లు తొడుక్కుని మట్టి చేశారు. వాళ్లలో యేసు పేరు తెలియనివాళ్లూ ఉన్నారు. నిన్ను ఎప్పుడు చూశాం ప్రభువా అని ఆశ్చర్యపోయే నీతిమంతుల గుంపులో వాళ్లు నిలబడి ఉండటం నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

బెంచీ మీద కూర్చున్నాక నా భార్య నెమ్మదిగా అడిగింది. “ఏమండీ, హెరోనిమా బతికుంటే మన్యారా ఇదంతా చేసేవాడంటారా?”

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. మన భక్తిలో చాలా భాగం ఎవరో ఒకరు పోయాక మొదలైనదే. నాన్న పోయాక గుడికి రావడం, అమ్మ పేరు మీద అన్నదానం, భార్య జ్ఞాపకార్థం గుడికి గంట. అవి వ్యర్థమని నేను అనను. దేవుడు దుఃఖాన్ని కూడా వాడుకుంటాడు, మన్యారాని వాడుకున్నాడు. అయితే ఆ సహవాసం ఆయన చేరడానికి చాలాముందు నుంచే ఉంది. హెరోనిమా బతికున్న రోజుల్లోనూ నది శవాలను తెచ్చింది, వీధిలో రోగులు పడి ఉన్నారు. ఆ దంపతులు కలిసి ఆ గుమ్మం తొక్కి ఉంటే ఆ ఇంటి జీవితం ఎలా ఉండేదో అని నా మనసు అక్కడే తిరిగింది. ఇద్దరు కలిసి రోగి మంచం దగ్గర కూర్చోవడం వేరు. ఒకరు తలగడ సర్దితే ఒకరు కబుర్లు చెబుతారు, ఒకరికి విసుగొస్తే ఒకరు ఓర్చుకుంటారు. అకుల, ప్రిస్కిల్ల ఇల్లు కొత్త ప్రదేశాల్లో సంఘానికి చోటైంది అలాగే. ఇద్దరికీ ఓపిక ఉన్న ఏళ్లు ఎవరికైనా తక్కువే. వాటిని తరవాతెప్పుడో ఒంటరిగా ఉన్నప్పుడు చేయవలసిన మంచికోసం దాచిపెట్టడం నాకు న్యాయంగా తోచలేదు.

ఆ మాటే చెప్పాను. తను కాసేపు ఆలోచించి, “వెళ్లగానే పాస్టరమ్మగారిని చూసొద్దామండీ, ఇద్దరం” అంది. మా సంఘంలో చాలా ఏళ్లు సేవ చేసిన పాస్టరుగారి భార్య ఆమె. ఆయన పోయాక పక్షవాతంతో మంచం పట్టారు. పెద్దకొడుకు దూరంగా ఉంటాడు. చూసుకునే మనిషి ఉంది గానీ, ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో మాట్లాడేవాళ్లు ఉండరు.

సాయంత్రం త్రియానాకి వెళ్లాం. గిరాల్దా ఎక్కలేదు.

ప్రార్థన: ప్రభువా, మా ఇద్దరినీ ఇన్నేళ్లు కలిపి నడిపించావు, దూరదేశాలు చూపించావు, నీకు స్తోత్రం. మాలో ఒకరు ముందు వెళ్లే రోజు వస్తుంది. అది రాకముందే మమ్మల్ని కలిపి నీ పనిలో పెట్టు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా పాస్టరమ్మగారి ఇంటికి వెళ్లేలా చెయ్యి. ఎండ అనీ, అలసట అనీ మేము సాకులు చెప్పబోతే మా నోరు మూయించు. ఆమెకు అన్నం తినిపించే ఓర్పు నా భార్యకివ్వు, చెప్పిందే చెబుతుంటే వినే ఓర్పు నాకివ్వు. ఆమెలాంటివాళ్లు మా వీధిలో ఇంకెవరున్నారో చూపించు. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.