కటికవారి వీథి

ఒడుగత్తూరున శుక్రవారమునాడు మేకలసంత జరుగును. చుట్టుపట్ల పల్లెలనుండి గొఱ్ఱెలును మేకలును వచ్చును. కొనువాడు పళ్లు చూచును, వెన్ను తడవి చూచును. అమ్మువాడు రూకలు లెక్కించుకొనును. అంతవరకు అందఱును అక్కడనే యుందురు. ఆ జంతువు కత్తిని చేరువేళకు మాత్రము మనలో నొక్కరును కానరారు. ఆదివారమునాడు మాంసము సంచిలో ఇల్లు చేరును. నడుమ జరిగిన పనిని, ఆ పని చేసినవానిని మనము చూడనొల్లము. దీనిని గూర్చియే మా యీ నాలుగు మాటలు.

ఇది మన సీమకే చెల్లిన గుణము కాదు. ఇంగ్లండునందలి యార్కు పట్టణమున షాంబుల్స్ అను ఇఱుకువీథి కలదు. ఇండ్ల పైయంతస్తులు వీథిపైకి వంగి నీడ నిచ్చును. 1872లో అచ్చట 20కి పైగా మాంసపుటంగళ్లుండెను, నేడొకటియు లేదు. మాంసము పఱచి అమ్ము బల్లలను బట్టి ఆ పేరు వచ్చినది. ఆ మాటకు మొదట బల్ల యనియే యర్థము. పిదప అది వధ్యశాలకు, ఆ మీదట రక్తపాతమునకు, తుదకు చిందరవందరకు పేరైనది. బల్ల చేసిన తప్పేమి?

జంతువులను చంపుట హృదయమును కఠినపఱచునని జాన్ లాక్ 1693లో ప్రచురించిన విద్యావిషయక గ్రంథమున వ్రాసెను. ప్రాణదండనకు సంబంధించిన విచారణలలో కటికవారిని జూరీలో చేర్చుకొనని ఆచారమును అందుకు తార్కాణముగా చూపెను. ఆ జూరీలో కూర్చున్న పెద్దమనుష్యులు మాత్రము మాంసము మానినవారు కారు.

ఆ వీథితో ముడిపడిన పేరు మార్గరెట్ క్లిథరో. ఆమె యొక కటికవాని భార్య. కాథలిక్ గురువులకు ఆశ్రయమిచ్చినదను నేరముపై 1586లో ఆమెను బరువులక్రింద నలిపి చంపిరి. విచారణ జరిగినచో తన బిడ్డలే సాక్ష్యము చెప్పవలసివచ్చునని ఆమె దానికి ఒడబడలేదు. 1970లో ఆమెను పునీతురాలిగా ప్రకటించిరి. కఠినమని లోకమన్న వీథిలోనే ఇట్టి హృదయము!

మనకిది క్రొత్త కాదు. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వశేషమున ధర్మవ్యాధుని కథ యున్నది. తపోగర్వితుడైన కౌశికుడు మిథిలకు పోయి, మాంసపుటంగడిలోని వ్యాధునివలన ధర్మము నేర్చుకొనెను. ఆ వ్యాధుడు తాను చంపడు, తినడు. పరులు చంపినదానిని అమ్మును, తల్లిదండ్రులను సేవించును.

అది కులవృత్తి గనుక విడువరాదని అతడు చెప్పిన సమాధానమును నేడు మనము యథాతథముగా గ్రహింపలేము. పుట్టుక ఎవ్వనిని కత్తికి గాని గంటమునకు గాని కట్టివేయరాదు. కటికవానిని గౌరవించినంతమాత్రమున హింస అహింసయు కాదు. తినుటయా, మానుటయా అనునది వేఱు ప్రశ్న. ఎవరి యింట వారు తేల్చుకొనదగినది. అయితే మనుస్మృతి యైదవ యధ్యాయము అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందఱును ఘాతకులే యన్నది. ఆ యెనమండుగురిలో మనము ఒకరిద్దరినే వేఱుచేసి దూరమున నిలిపితిమి.

మేము తినమందురా? మన సభలలో త్యాగరాజకృతికి తోడుగా మ్రోగు మృదంగపు మూత తోలు. మన పాదరక్షలు తోలు. ఆంబూరు, వాణియంబాడి తోలుశాలలు మనకు దూరము కావు. తిననివాడు హింసను కాదనవచ్చును. మనుష్యుని కాదన నధికారము లేదు. కౌశికుడును మాంసము తినువాడు కాడు. అయినను ఆ యంగడివాకిట నిలిచెను.

పరసీమలో మన భాషను నిలుపుకొనుటకే సంఘములు పెట్టుకొంటిమి. చిన్నచూపెట్టిదో అల్పసంఖ్యాకులమగు మనకు ఒకరు చెప్పనక్కఱలేదు. ఉగాదినాడు మనము పఱచు చాపపై కటికవాని బిడ్డకు మన బిడ్డల ప్రక్కనే చోటున్నదా? ఆ చోటు చూపగలిగినపుడే ధర్మవ్యాధుని కథను పిల్లలకు చెప్ప మనకు నోరుండును.