పాఠం రాసినవాడు ఎవరు?

నారదుడు చదువు చెప్పమంటూ సనత్కుమారుడి దగ్గరికి వెళ్లాడు. సనత్కుమారుడు వెంటనే పాఠం మొదలుపెట్టలేదు. ఇప్పటిదాకా నీకు ఏమేం వచ్చో ముందు చెప్పు, ఆ పైది నేను చెబుతానన్నాడు. నారదుడు ఏకరువు పెట్టాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, క్షత్రవిద్య, నక్షత్రవిద్య, సర్పవిద్య... పెద్ద పట్టికే. చివర్లో ఇంకో మాట చేర్చాడు. ఇన్ని మంత్రాలు తెలిసినా ఆత్మ ఏమిటో తెలియలేదని, అందుకే తన శోకం తీరలేదని ఒప్పుకున్నాడు. ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం మొదలయ్యేది ఈ పరిచయంతోనే.

ఆ పరిచయంలో నారదుడు గోత్రం చెప్పుకోలేదు, తండ్రి పేరు ఎత్తలేదు. వచ్చింది చెప్పాడు, రానిది చెప్పాడు. నువ్వు నేర్చిందంతా ఉత్త పేర్లేనని సనత్కుమారుడు తేల్చి, ఆ పేర్ల దగ్గరే బోధ మొదలుపెట్టాడు. పేరు కంటే వాక్కు గొప్పది, వాక్కు కంటే మనసు గొప్పది అంటూ ఒక్కో మెట్టూ ఎక్కించి, భూమ అనే అనంతం దాకా తీసుకుపోయాడు. శిష్యుడు తనకు ఏం తెలుసో, ఏం తెలియదో దాచి ఉంటే ఏ మెట్టు మీద మొదలుపెట్టాలో గురువుకు తెలిసేది కాదు.

హైటెక్ సిటీలోనో, విశాఖలో ఋషికొండ మీదో ఉన్న ఏ కంపెనీ శిక్షణ గదిలోనైనా మొదటి పావుగంట పరిచయాలకే పోతుంది. పేరు, ఊరు, చదువు, ఎన్నేళ్ల అనుభవం, ఇంతకుముందు ఏ ప్రాజెక్టు. కూర్చున్నవాళ్లందరూ చెప్పాక పాఠాలు తయారుచేసిన మనిషి వంతు వస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో స్లైడ్లు చేసినవాడు, వీడియోలు తీసినవాడు, మెట్టు తరవాత మెట్టుగా మెటీరియల్ రాసినవాడు. అతనూ పేరు, సర్టిఫికెట్లు, అనుభవం చెప్పి కూర్చుంటాడు. వినేవాళ్ల మనసులో ఉన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు ఉండదు. ఈ మనిషి మాట ఎందుకు నమ్మాలి?

ఇది మన దేశపు దార్శనికులు వందల ఏళ్లపాటు వాదించుకున్న ప్రశ్న. కళ్లతో చూడనిది, స్వయంగా ఊహించి తేల్చుకోలేనిది మరొకరి మాట వల్ల తెలుస్తుందా? తెలిస్తే ఆ మాటకు అంత బలం ఎక్కడిది? చార్వాకులు ఆ బలమే లేదన్నారు. బౌద్ధుడైన దిఙ్నాగుడు ప్రత్యక్షం (కళ్లతో చూడడం), అనుమానం (ఊహించి తేల్చుకోవడం) అనే రెండు ప్రమాణాలు చాలునని, నమ్మదగిన మాట కూడా అనుమానంలోకే వస్తుందని వాదించాడు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు. మాటను వాళ్లు వేరే ప్రమాణంగానే నిలబెట్టారు, అయితే ఆ మాట ఆప్తుడిది కావాలన్నారు.

మరి ఆప్తుడంటే ఎవరు? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు సుమారు 1,500 ఏళ్ల కిందట ఇచ్చిన సమాధానం ఇప్పటికీ కొత్తగా ఉంటుంది. విషయాన్ని తాను స్వయంగా సాక్షాత్కరించుకున్నవాడు, చూసింది చూసినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు ఆప్తుడు. మరోచోట దీనికి ప్రాణుల మీద దయను కూడా జోడించాడు. తెలియక నష్టపోయేవాళ్లను చూసి, వీళ్లకు చెప్పాలి అనిపించే దయ అది. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒక్కటేనని కూడా ఆయన రాశాడు. ఎవరు చదవాలో, ఎవరు చదివించాలో పుట్టుకే తేల్చిన సమాజంలో ఒక భాష్యకారుడు ఈ మాట రాయడం చిన్న విషయం కాదు. నమ్మకానికి కులం అక్కర్లేదని, జ్ఞానం, దయ, నిజాయితీ ఉంటే చాలని దానికి అర్థం.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల నడిచినవాళ్లకు ఈ మూడింటిలో మొదటిది గోడల మీద కనిపిస్తుంది. ప్రతి బ్యానర్ మీదా కోర్సు పేరు, దాని కింద ‘రియల్ టైమ్ ఎక్స్‌పర్ట్’ అన్న ముద్ర. పుస్తకం చదివి వచ్చి చెప్పేవాడు కాదు, కంపెనీలో ఆ పని చేస్తూ చెప్పేవాడని భావం. ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చి, హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని, ఒక్క కోర్సు మీద ఇంటిల్లిపాది ఆశ పెట్టుకునే పిల్లలకు ఆ ముద్ర చాలా అవసరం. సాక్షాత్కారం కావాలని న్యాయదర్శనం అడిగింది, అమీర్‌పేట కుర్రాడూ అడుగుతున్నాడు. మొదటి రోజు డెమో క్లాసు ఉచితంగా వినిపించే ఆనవాయితీ కూడా మంచిదే. బోధకుడి పరిచయం నిజమో కాదో విద్యార్థి డబ్బు కట్టకముందే తేల్చుకునే వీలు అందులో ఉంది.

దయ సంగతి బ్యానర్ మీద రాయడం కుదరదు. అది పాఠంలోనే కనిపించాలి.

సీ భాష చరిత్రలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. ఆ భాషను రూపొందించింది డెన్నిస్ రిచీ. బెల్ ల్యాబ్స్‌లో ఆయన సహోద్యోగి బ్రయన్ కెర్నిహన్ భాష రూపకల్పనలో లేడు. కానీ తోటివాళ్లు దాన్ని నేర్చుకోవడానికి 1974లో ఆఫీసు లోపలి వాడకం కోసం ఒక పాఠం రాశాడు. ‘హలో, వరల్డ్’ అని తెర మీద చూపించే చిన్న ప్రోగ్రాము సీ భాషలో ఆ పాఠంలోనే కనిపించింది. 1978లో ఇద్దరూ కలిసి పుస్తకం తెచ్చారు. పాఠాల భాగం ప్రధానంగా కెర్నిహన్‌ది, చివర ఉన్న రిఫరెన్స్ మాన్యువల్ రిచీది. భాష పుట్టుక తెలిసినవాడొకడు, నేర్చుకునేవాడు ఎక్కడ తడబడతాడో తెలిసినవాడొకడు. వాత్స్యాయనుడు ఒకే మనిషిలో కోరిన గుణాలు ఇక్కడ ఇద్దరిలో సర్దుకున్నాయి. ఆ పుస్తకం ముందుమాటలో రచయితలు తమ డిగ్రీలు చెప్పుకోలేదు. ఇది ప్రోగ్రామింగ్‌కు తొలి వాచకం కాదని, లూపులు, ఫంక్షన్ల వంటివి కొంత తెలిసినవాళ్ల కోసమని చెప్పారు. కొత్తవాళ్లూ చదవొచ్చు గానీ, బాగా తెలిసిన తోటి ఉద్యోగి ఒకరు అందుబాటులో ఉంటే మంచిదని సలహా ఇచ్చారు.

మన శాస్త్రకారులు గ్రంథం మొదట్లో నాలుగు సంగతులు చెప్పాలనే నియమం పెట్టుకున్నారు. విషయం ఏమిటి, ప్రయోజనం ఏమిటి, ఆ రెండింటికీ గ్రంథానికీ సంబంధం ఏమిటి, దీన్ని చదవడానికి అధికారి ఎవరు. అనుబంధ చతుష్టయం అంటారు. ఏ శాస్త్రమైనా సరే, ప్రయోజనం చెప్పకపోతే ఎవరు చేపడతారని మీమాంసకుడు కుమారిలభట్టు కూడా నిలదీశాడు. ఈ నాలుగింటిలో గ్రంథకర్త పేరు లేదు. శిక్షణ పాఠాలు రాసేవాళ్లు గట్టిగా పట్టుకోవలసిన సంగతి ఇది. ఈ పాఠం ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు అని నిజాయితీగా చెబితే చదివేవాడికి ఒక పూట మిగులుతుంది. పదేళ్ల అనుభవం గురించి చెబితే ఏమీ మిగలదు.

అలాగైతే రాసినవాడి పేరు ఎందుకు, పాఠం ఒక్కటే ఉంటే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. మీమాంసకులు సరిగ్గా ఇదే అడిగారు. మాటలో తప్పు దొర్లేది మాట్లాడేవాడి దోషం వల్ల. తెలియక తప్పు చెబుతాడు, లేదా మోసం చేయాలని చెబుతాడు. మాట్లాడేవాడే లేకపోతే దోషానికి చోటే లేదు. అందుకే వేదం అపౌరుషేయం, అంటే ఏ పురుషుడూ చెప్పనిది, అందుకే అది ప్రమాణం. కుమారిలుడు దీన్ని నిలబెట్టిన తీరులో తర్కం ఎంత పదునుగా ఉంటుందో చదివితేనే తెలుస్తుంది.

అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో దొరికే మెటీరియల్‌కు కూడా కర్త తెలియదు. ఎవరో బోధకుడు చెబుతుంటే ఎవరో విద్యార్థి చేత్తో రాసుకున్న నోట్సు, కాపీకి కాపీ తీసి, స్పైరల్ బైండింగ్ వేసి అమ్ముతారు. అక్షరాలు చెదిరిపోయినా ఆ నోట్సు వేలమందికి ఉద్యోగపు దారి చూపింది. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. అయినా మీమాంసకుల వాదం అక్కడ సాగదు. సాఫ్ట్‌వేర్ నిత్యం కాదు. వెర్షన్ మారితే నిన్నటి బటన్ ఇవాళ ఉండదు. రాసినవాడి పేరు లేకపోతే అనుమానం ఎవరిని అడగాలి? తేదీ లేకపోతే ఆ పాఠం ఏ కాలానిదని తెలుసుకోవాలి? మారని దానికి కర్త లేకపోయినా పరవాలేదేమో. రోజూ మారేదానికి కర్త ఉండి తీరాలి.

తెలుగు కవులు ఈ బాధ్యతను ఎప్పుడో గుర్తించారు. ఆశ్వాసాంతంలోనో, స్కంధాంతంలోనో వచ్చే గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు చెప్పి, ఏ గ్రంథంలో ఇది ఎన్నో భాగమో నమోదు చేస్తాడు. పోతన భాగవతంలో ఐదో స్కంధం గంగన రాశాడని, ఆరోది సింగన రాశాడని, పదకొండు, పన్నెండు వెలిగందల నారయ రాశాడని ఇవాళ మనం ఖాయంగా చెప్పగలుగుతున్నది ఆ గద్యల వల్లే. పోతన అయితే ఇంకో అడుగు వేసి, తన చేత పలికించేవాడు రామభద్రుడని పీఠికలోనే చెప్పుకున్నాడు. పలుకు తనది కాదన్న భక్తి ఆయనది. అయినా తన పేరు, తల్లిదండ్రుల పేర్లు రాయడం మానలేదు. వినయానికీ, జవాబుదారీకీ మధ్య ఆయనకు పేచీ కనిపించలేదు.

పరిచయం అబద్ధమైతే ఏమవుతుందో వికీపీడియా చరిత్రలో ఒక ఘటన చూపిస్తుంది. ‘ఎస్‌జే’ అనే మారుపేరుతో రాసే ఒక నిర్వాహకుడు తాను విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం బోధించే ఆచార్యుడినని, దైవశాస్త్రంలో డాక్టరేట్ ఉందని తన పేజీలో రాసుకున్నాడు. 2006 జులైలో ‘ది న్యూయార్కర్’ పత్రిక కూడా ఆ వివరాలే ప్రచురించింది. అతనికి 24 ఏళ్లేనని, పెద్ద డిగ్రీలేవీ లేవని, ఎక్కడా బోధించలేదని 2007లో బయటపడింది. పత్రిక దిద్దుబాటు వేసుకుంది, అతను పదవులు వదిలి వెళ్లిపోయాడు. కష్టపడి పనిచేసేవాడని అతనికి పేరుంది. అతని దిద్దుబాట్లలో మంచివీ ఉండి ఉంటాయి. కానీ లేని డాక్టరేట్‌ను చర్చల్లో వాదబలంగా వాడుకున్నాడు. ఎదుటివాళ్లు ఆధారాన్ని కాకుండా హోదాను చూసి తగ్గేలా చేయడమే ఇక్కడ అసలు దోషం. మతం విషయంలో ఇది జరగడం మరీ బాధ కలిగిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే మనిషి డోనల్డ్ నూత్. ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి సంపుటం 1968లో వచ్చింది. తన పుస్తకాల్లో తప్పు చూపినవాళ్లకు 2.56 డాలర్లు ఇస్తానని ఆయన ప్రకటించాడు, 2008 దాకా దశాబ్దాలపాటు చెక్కులు పంపాడు. చెక్కు అందుకున్నవాళ్లలో చాలామంది దాన్ని బ్యాంకులో వేయకుండా దాచుకున్నారు. నూత్ లూథరన్ క్రైస్తవుడు. బైబిల్ పుస్తకాల్లో మూడో అధ్యాయం పదహారో వచనాన్నే తీసుకుని లోతుగా చదివి, 1991లో ఒక గ్రంథం తెచ్చాడు. 1999లో ఎంఐటీలో విశ్వాసం గురించి, కంప్యూటర్ విజ్ఞానం గురించి ఉపన్యాసాలిచ్చాడు. అక్కడ దైవశాస్త్రవేత్తగా నిలబడలేదు, నేర్చుకుంటున్న విశ్వాసిగా నిలబడ్డాడు. తప్పు పట్టమని పాఠకుణ్ణి పిలవడం కంటే మంచి పరిచయం బోధకుడికి మరొకటి దొరకదు. ఎందుకంటే ఆ పిలుపులో చూసింది చూసినట్టు చెప్పాలన్న కోరిక ఉంది, తప్పు పాఠం వల్ల ఎవరూ నష్టపోకూడదన్న దయ ఉంది.

ఇప్పుడు పాఠాలు యంత్రమే రాస్తోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఒక గంటలో మాన్యువల్ తయారుచేయించడం మామూలైంది. కర్త కనిపించడు కాబట్టి అది నిష్పక్షపాతమని, మనిషి దోషాలు దానికి అంటవని అనుకునేవాళ్లున్నారు. మీమాంసకుడు వింటే ఒప్పుకోడు. ఆ యంత్రం నేర్చుకున్నది మనుషులు రాసిన రాతల నుంచే. వాళ్ల జ్ఞానంతో పాటు వాళ్ల పొరపాట్లూ అందులోకి వచ్చాయి. అది అపౌరుషేయం కాదు, లెక్కలేనంతమంది పురుషుల మాట. నైయాయికుడి ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. ఈ మెట్లను స్వయంగా చేసి చూసినది ఎవరు? అందుకు ఒక మనిషి పూచీ పడి, ఏ వెర్షన్ మీద, ఏ తేదీన చేసి చూశాడో రాసి, కింద తన పేరు పెట్టాలి. యంత్రం సాయం తీసుకున్నాడా, ఎంత తీసుకున్నాడు అన్నదీ అక్కడే రాయాలి.

మనిషి కానివాళ్ల దగ్గర నేర్చుకోవడం ఛాందోగ్యోపనిషత్తుకు కొత్త కాదు. సత్యకాముడు హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్లినప్పుడు గురువు గోత్రం అడిగాడు. తనకు తెలియదని, తల్లికీ తెలియదని, ఆమె ఎన్నో చోట్ల పనిచేస్తూ తిరిగిన రోజుల్లో తనను కన్నదని, ఆమె పేరు జబాల అని అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. సత్యం తప్పలేదని గురువు చేర్చుకున్నాడు. ఇంత సత్యం బ్రాహ్మణుడే పలకగలడన్న గురువు తీర్పులో ఆ కాలపు కట్టుబాటు ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. తరవాత బక్కచిక్కిన నాలుగువందల ఆవులను తోలుకుపోయిన సత్యకాముడికి ఎద్దు, అగ్ని, హంస, నీటికోడి ఒక్కో పాదంగా బ్రహ్మాన్ని బోధించాయి. తిరిగొచ్చిన శిష్యుడి ముఖం చూసి, నీకు ఎవరు చెప్పారని గురువు అడిగాడు. మనుషులు కానివారని సత్యకాముడు జవాబిచ్చి, అయినా మీరే చెప్పాలని కోరాడు. ఆచార్యుడి వల్ల తెలిసిన విద్యే నిలకడగా ఫలిస్తుందని విన్నానన్నాడు. గౌతముడు అదంతా మళ్లీ చెప్పాడు, ఏదీ వదల్లేదు.

ఆ సత్యకాముడే గురువయ్యాక, ఉపకోసలుడు అనే శిష్యుడు అతని అగ్నులను పన్నెండేళ్లు సేవించాడు. గురువు ప్రయాణంలో ఉండగా ఆ అగ్నులే అతనికి పాఠం చెప్పాయి. సత్యకాముడు ఇంటికి వచ్చి శిష్యుడి ముఖం చూసి, తనను గౌతముడు అడిగిన ప్రశ్నే అడిగాడు. ఉపకోసలుడు, నాకెవరు చెబుతారు అంటూ మొదట దాటవేయబోయి, తరవాత అగ్నుల వైపు చూపించాడు. అవి ఏం చెప్పాయో చెప్పమన్నాడు సత్యకాముడు. అంతా విని, అవి చెప్పింది లోకాల గురించేనని తేల్చి, మిగతాది తాను చెప్పడం మొదలుపెట్టాడు.