అడిగినవాడు దొర అయితే

మన గురించి మనం రాసుకోవడం మొదలుపెట్టక ముందే మన మీద చాలా పుస్తకాలు వచ్చాయి. వాటిలో చాలా వరకు మనల్ని పాలించడానికి వచ్చినవాళ్లు రాసినవే. మన పిల్లలు విశ్వవిద్యాలయానికి వెళ్లి తాతల సంగతి వెతికితే ముందుగా చేతికందేవీ అవే. వాటిని ఏ మనసుతో చదవాలి? కృతజ్ఞతతోనా, కోపంతోనా?

ఒక మనిషిని తీసుకుని ఆలోచిద్దాం. విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ ఇంగ్లండు నుంచి వచ్చిన ఐ.సి.ఎస్. అధికారి. 1927 నుంచి 1931 వరకు బస్తర్ సంస్థానాన్ని పాలించాడు. అక్కడ చూసినవీ విన్నవీ కలిపి 1938లో మరియా గోండుల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1940లో సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్‌లలోని ఆదివాసుల స్థితిని విచారించే పని ఆయనకే అప్పగించారు. ఆ నివేదిక 1944లో వెలువడింది. ఈలోగా ఆయన హైదరాబాదుకు వచ్చి, నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ, పోలీసు శాఖలు చూశాడు. 1948లో పాకిస్తాన్‌లో విమాన ప్రమాదంలో చనిపోయాడు.

ఆయన చేసిన మేలును కాదనలేం. అబూజ్‌మాడ్ కొండల మీది పెందా సేద్యాన్ని, గోత్రాలను, పెళ్లి కట్టుబాట్లను ఓపికగా రాశాడు. తన నివేదికలో అప్పులు, వెట్టి, భూమి చేజారడం వంటి మన అసలు బాధల్ని సర్కారు ముందు పెట్టాడు. ఆదిలాబాదు గోండులకు పట్టాలివ్వాలని, బడులు పెట్టాలని హైమెండార్ఫ్ చెప్పినప్పుడు సర్కారులో అండగా నిలిచినవాళ్లలో ఆయనొకడు. అయితే అంతకుముందే, 1940లో, జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ నెత్తురు చూశాకే సర్కారు మన అడవి వైపు తిరిగింది. కాగితం రాసినవాడి పేరు చెప్పుకుంటూ, ఆ కాగితం రాయించిన పోరాటాన్ని మరిచిపోతే లెక్క తప్పినట్టే.

ఇంతకీ గ్రిగ్సన్ మంచివాడా చెడ్డవాడా అన్నది మన ప్రశ్న కాదు. ఆయన అడిగినప్పుడు చెప్పనని అనగలిగే వీలు మనవాళ్లకు ఉందా అన్నదే ప్రశ్న.

ఆయన బస్తర్‌కు వచ్చేనాటికి భూమకాల్ జరిగి పదిహేడేళ్లే. అడవిని రిజర్వు చేసినందుకు, వెట్టి చేయించినందుకు 1910లో జనం తిరగబడితే సర్కారు బలగాలు దిగాయి, కొరడాలు లేచాయి. ఆ దెబ్బలు తిన్నవాళ్లు, చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అధికారి పర్యటనకొస్తే బస ఏర్పాటు చేసేదీ సామాను మోసేదీ ఊరివాళ్లే అన్నది ఆనాటి రివాజు. అటువంటి ఊళ్లో దొర కూర్చుని, మీ దేవరను ఎలా కొలుస్తారు, చచ్చినవాళ్లను ఎక్కడ పూడ్చుతారు అని అడిగితే ఏ పెద్దమనిషి నోరు మూసుకుని ఉండగలడు? శిస్తు వసూలు చేసేదీ, తీర్పు చెప్పేదీ, కథ అడిగేదీ ఒకే చెయ్యి. ఆ మాటల్లో ఎంత ఇష్టంతో చెప్పారో, ఎంత భయంతో చెప్పారో పుస్తకం చెప్పదు.

పేరు సంగతే చూడండి. కొండ దిగువనున్న మరియాలకు 'బైసన్ హార్న్ మరియా' అన్న పేరు పెట్టింది గ్రిగ్సనే. కొమ్ముల తలపాగా కట్టి ఆడే ఆట ఆయన కంటికి ఆనింది. పెళ్లినాటి బాసికం చూసి మనిషికి జీవితాంతం అదే పేరు పెట్టినట్టుంది ఇది. వాళ్లు తమను తాము కోయితూర్ అనుకుంటారు. అంటే మనుషులమని. చూసినవాడు పెట్టిన పేరు అచ్చులో నిలిచింది. బతికినవాళ్లు పిలుచుకున్న పేరు వివరణలో మిగిలింది.

అందుకని ఆ పుస్తకాన్ని పారేయాలా? అక్కర్లేదు. అందులోని జ్ఞానం ఆయన ఇంటినుంచి తెచ్చింది కాదు, మన తాతలు చెప్పింది. కాబట్టి దాన్ని మన ఆస్తిగానే చదువుదాం. ఆయన శ్రమకు గౌరవం ఇద్దాం, ఋణం మాత్రం చెప్పినవాళ్లకు తీరుద్దాం. చదివేటప్పుడు ప్రతి పేజీలోనూ ఇది ఎవరు చెప్పారు, ఎవరి ముందు చెప్పారు అని అడుగుదాం.

ఈ ప్రశ్న చచ్చిపోయిన దొర దగ్గరే ఆగదు. ఇవాళ మనలో చదువుకున్నవాళ్లం సెల్‌ఫోన్ పట్టుకుని గూడేలకు వెళ్లి పాటలు రికార్డు చేస్తున్నాం. మనం దొరలం కాం గానీ ప్యాంటు, ఉద్యోగం, తెలుగు అక్షరం మనల్ని కాస్త ఎత్తున నిలబెడుతున్నాయి. కొలుపు పాట అందరికీ వినిపించేది కాదని పెద్దవ్వ అంటే ఫోను జేబులో పెట్టుకునే మర్యాద మనకు ఉండాలి. ఆమె పాడితే ఆమె పేరు పుస్తకంలో రాయాలి, ఆ పుస్తకం ముందు ఆమె ఊరికే చేరాలి. ఆమె వద్దన్నది రాయకుండా వదిలేయగలిగిన రోజున మన రాతకూ దొరల రాతకూ తేడా ఉందని చెప్పుకోగలం.