కథ తెలిసినవాళ్ల పక్కన

మాయలూ మంత్రాలూ ఉన్న సినిమాకి ఇంటిల్లిపాదీ కదలకుండా కూర్చున్నారంటే ఆ మహిమ మాయలదే అనుకుంటాం. నాకెందుకో అలా అనిపించదు. మాయలు తొందరగా పాతబడతాయి. 1951లో జనం నోరెళ్లబెట్టి చూసిన ట్రిక్ షాట్లని మా మేనకోడలు ఇప్పుడు ఫోన్లో, అన్నం ఉడికేలోపు, చేసి చూపిస్తుంది. ఆ పిల్లే ‘పాతాళభైరవి’ పెడితే మాత్రం సగంలో లేవదు. గుహ సెట్టింగని తెలిసిపోతున్నా సరే, మనుషులు మాయమైనచోట ఫిల్ము అతికించిన జాడ కనబడుతున్నా సరే, లేవదు.

ఒకటి గమనించాను. భయం వేసే చోటు వచ్చినప్పుడు అది తెర వైపు చూడదు, మా అమ్మ మొహం వైపు చూస్తుంది. అమ్మకి కథ తెలుసు. అమ్మ తాపీగా చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ ఉందంటే హీరో తోట రాముడికి ఏమీ కాదన్నమాట. ఈనె లాగుతున్న చెయ్యి గాల్లో ఆగిందంటే ఏదో మూడబోతోందన్నమాట. పిల్ల చూస్తున్నది సినిమానా, అమ్మ చేతులనా అంటే సగం సగం అనే చెప్పాలి.

పుస్తకంలోంచి వచ్చిన సినిమాకి ఈ సౌకర్యం ఉంది. చూసేవాళ్లలో ఒక్కరికైనా కథ ముందే తెలిసి ఉంటుంది. ఎవరికీ తెలియని కథైతే ఎవరి భయం వాళ్లు విడివిడిగా పడాలి. అందరికీ తెలిసిన రామాయణమైతే భక్తితో చూస్తారు, దాని సంగతి వేరు. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఒకే మంచం మీద సర్దుకుని కూర్చున్నప్పుడే పిల్లలు పూర్తిగా భయపడడానికి ధైర్యం చేస్తారు.

‘పాతాళభైరవి’ కథ పుట్టిన పుస్తకమే అలాంటి జంటతో మొదలవుతుంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాలు. దాన్ని నవల అనడానికి వీల్లేదు గానీ, లావుపాటి వచన పుస్తకాన్ని చివరిదాకా చదివే అలవాటు తెలుగిళ్లకి చేసినవాటిలో అదొకటని నా నమ్మకం. మణిసిద్ధుడనే యతి కాశీకి కాలినడకన బయల్దేరతాడు. తోడుగా పశువులు కాసుకునే కుర్రాడొకడు వెంటపడతాడు. దారిలో మజిలీ చేసిన ప్రతి ఊళ్లోనూ ఆ కుర్రాడు ఏదో వింత చూసి వచ్చి, దాని కథేమిటో చెప్పమని పీక్కుతింటాడు. యతి కథ ఎత్తుకుంటాడు. ఒకరికి తెలుసు, ఒకరికి తెలియదు, ఇద్దరికీ కాళ్లు నొప్పి. అన్ని వందల పేజీల నడక ఆ ఏర్పాటు మీదే నడిచింది.

మా కామవరపుకోట వైపు ఇలాంటి మజిలీలు నాకు పొగాకు బ్యారన్ల దగ్గర దొరికాయి. ఆకు కాల్చే రోజుల్లో రాత్రిళ్లు ఎవరో ఒకరు బ్యారన్ దగ్గర మేలుకుని ఉండాలి. వేడి తగ్గినా చేటే, ఎక్కువైనా చేటే. గోడకున్న చిన్న అద్దంలోంచి టార్చి వేసి లోపలి థర్మామీటరు చూసి, దాన్ని బట్టి పొయ్యిలోకి కట్టె తోస్తూ ఉండాలి. అమ్మ వాళ్ల నాన్న లైబ్రరీ నుంచి తెచ్చి పైకి చదివిన కథల్ని అమ్మ అక్కడ మాకు చెప్పేది. మొసలి నోరు తెరిచిన చోట “ఉండండర్రా, కట్టె చూసొస్తా” అని లేచిపోయేది. ఉత్కంఠ అనే మాట నేర్చుకోకముందే అది కట్టెల లెక్కన నాకు అందింది. ఆ పొయ్యి ముందు కూర్చుంటే అమ్మకి అంతా తెలుసనీ, మాకేమీ తెలియదనీ, అది న్యాయమేననీ అనిపించేది.

విజయా వారు, అంటే నాగిరెడ్డి–చక్రపాణి, ఆ కథల్లో ఒకదాన్ని తీసుకున్నారు. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్‌లీ కెమెరా, ఘంటసాల సంగీతం. 1951 మార్చి 15న సినిమా వచ్చింది. కథకి అల్లావుద్దీన్ అద్భుతదీపాన్ని కలిపారు. దీపం పోయి కోరినవన్నీ ఇచ్చే భైరవి బొమ్మ వచ్చింది. మాకు ఇందులో జిల్లా గర్వం కూడా ఉంది. నేపాళ మాంత్రికుడు ఎస్.వి.రంగారావు నూజివీడులో పుట్టాడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది గనక, నేపాళం ఎక్కడున్నా మాంత్రికుడు మాత్రం మా జిల్లావాడేనని మేం దబాయిస్తాం. రాజుగారి బావమరిదిగా వేసిన రేలంగి స్థిరపడింది తాడేపల్లిగూడెంలో. అక్కడ సొంతంగా సినిమాహాలు కూడా కట్టించాడు. దుష్టుడూ పిరికివాడూ ఇద్దరూ మావాళ్లే. హీరోని కృష్ణా జిల్లాకి వదిలేశాం.

పుస్తకం సినిమా అయినప్పుడు ఏం మిగులుతుంది, ఏం పోతుంది అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు గుంటుపల్లి గుర్తొస్తుంది. మా మండలంలోదే, జీలకర్రగూడెం గుహలని కూడా అంటారు. కొండని తొలిచి రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధులు చేసిన గుండ్రటి చైత్యం ఒకటి ఉంది అక్కడ. నడుమ స్తూపం. దాని చుట్టూ తిరుగుతూ తలెత్తి చూస్తే గొడుగులాంటి కప్పు, ఆ కప్పు లోపలి వైపు నడిమి నుంచి కిందికి దిగుతూ వాసాలు. చెయ్యి పెడితే చల్లటి రాయి. అవి మోస్తున్నదేమీ లేదు. కప్పు కొండది, కొండకి వాసాలతో పని లేదు. అయినా ఒక్కో వాసాన్నీ ఎడం తప్పకుండా చెక్కారు. అంతకుముందు కర్రతో, గడ్డితో కట్టిన గుండ్రటి ఇళ్లని చూసిన కళ్లు వాళ్లవి. వాసాలు లేని కప్పు కింద నిలబడితే ఇంట్లో ఉన్నట్టనిపించదు వాళ్లకి.

‘పాతాళభైరవి’లోనూ అలాంటి రాతి వాసాలున్నాయి. రాకుమారినీ భవనాన్నీ మాంత్రికుడు ఎత్తుకుపోయాక రాముడు వెతుక్కుంటూ వెళతాడు. దారిలో మాయచెప్పులూ మాయశాలువా చేతికి చిక్కుతాయి. లెక్క ప్రకారం అవి లేకపోయినా కథ నడిపించవచ్చు, పింగళికి వేరే ఉపాయం తట్టకపోదు. కానీ మాయచెప్పులు చాలా పాతవి. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు చెప్పిన ‘కథాసరిత్సాగరం’లో పుత్రకుడనేవాడు ఇద్దరు అసుర కుమారులు చెప్పుల కోసం కొట్టుకుంటుంటే మధ్యవర్తిగా వెళ్లి, మీరు పరుగుపందెం పెట్టుకోండని చెప్పి, వాళ్లు పరిగెత్తగానే చెప్పులు తొడుక్కుని ఎగిరిపోతాడు. సోమదేవుడికి గుణాఢ్యుడి బృహత్కథ ఆధారం. అన్ని వందల ఏళ్లు నడిచిన చెప్పులు రాముడి కాళ్లకి వచ్చాయి. వాటిని చూడగానే అమ్మ “ఇవి ఇక్కడికి కూడా వచ్చాయా” అంటుంది, ఎవరో దూరపు చుట్టాన్ని పెళ్లిలో చూసినట్టు.

మన దగ్గరే కాదు. ఫ్రాంక్ బామ్ 1900లో అచ్చువేసిన ‘ఓజ్’ నవల్లో డొరొతీ వేసుకునేవి వెండి చెప్పులు. 1939లో సినిమా తీసేటప్పుడు రంగుల ఫిల్ము వచ్చింది గనక అవి కెంపుల చెప్పులైపోయాయి. అది నాకు పెద్ద నేరంలా కనబడదు. ఆ సినిమా చేసిన ఇంకో పనిని మాత్రం క్షమించలేను. నవల్లో ఓజ్ దేశం నిజంగా ఉంది. సినిమా చివర్లో అదంతా పిల్లకి దెబ్బ తగిలి వచ్చిన కల అని తేల్చేశారు. పెద్దవాళ్లు ఇబ్బంది పడకుండా ఉండడానికి పిల్లల చేతిలోది లాక్కున్నట్టుంది. కె.వి.రెడ్డి ఆ పని చెయ్యలేదు. తోట రాముడు నిద్ర లేచి కళ్లు నులుముకోడు. జరిగింది జరిగిందే.

తెలిసినవాళ్ల ధీమా సినిమా అంతటా నిలవదు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. పుస్తకానికి అల్లావుద్దీన్ని కలిపేసరికి అమ్మకి తెలిసిన దారి అక్కడక్కడా తప్పిపోతుంది. “నాన్న ఇలా చదవలేదే” అంటుంది. ఈనెలు తీసే చెయ్యి ఈసారి నిజంగానే ఆగుతుంది. ఆ కాసేపూ అమ్మమ్మా మనవరాలూ ఒకే వయసువాళ్లు. అయినా అమ్మ పూర్తిగా దిక్కు తోచక ఉండిపోదు. మాంత్రికుడు వీరుణ్ని వెతికి, ముద్దు చేసి, మెచ్చుకుని గుహకి తీసుకెళుతున్నాడంటే బలికే అని ఆమెకి తెలుసు. అది ఈ పుస్తకం చెప్పలేదు, విక్రమార్కుడి కథలు చెప్పాయి. అక్కడా భిక్షువు రాజుని బలివ్వాలని చూస్తాడు, శవంలోని బేతాళుడు ముందే హెచ్చరిస్తాడు, తల భిక్షువుది తెగుతుంది. ఒక కథ తెలియకపోయినా కథల నడక తెలిసినవాళ్లుంటారు. మొసలి శాపం తీరి అసలు సంగతి రాముడి చెవిన వేసినప్పుడు అమ్మ “ఆఁ, చెప్పాను కదా” అంటుంది. చెప్పలేదు. చెప్పకుండా ఆపుకుంది, అంతే.

చివర్లో గడ్డం ఘట్టం సంగతి చెప్పకపోతే ఈ సినిమా గురించి ఏమీ చెప్పనట్టే. మాంత్రికుడికి ఇప్పుడు అన్నీ ఉన్నాయి. బొమ్మ ఉంది, భవనం ఉంది, రాకుమారి ఎదుటే ఉంది. లేనిది ఆమె ఇష్టం ఒక్కటే. మేనకోడలు తర్కం తీసింది: “ఆ బొమ్మనే అడిగి ఆమె మనసు మార్చెయ్యొచ్చు కదా అమ్మమ్మా?” అమ్మ తడుముకోకుండా “అడిగితే సినిమా అయిపోద్దే” అంది. నవ్వాం గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కోరితే వచ్చే ఇష్టం ఇష్టం కాదని అంతటి దుర్మార్గుడికీ ఎక్కడో తెలుసు. అందుకే బొమ్మని పక్కన పెట్టి అందంగా కనబడాలని చూస్తాడు. శిష్యుడు సదాజపుడి రూపంలో వచ్చిన రాముడి నేస్తం అంజిగాడు గడ్డం తీసేస్తే రాకుమారికి నచ్చుతావని ఎక్కిస్తాడు. గడ్డంతోపాటు శక్తీ పోతుంది. లోకాన్ని గడగడలాడించినవాడు మంగలిపనికి గడ్డం అప్పగించి కూర్చుంటాడు.

అక్కడ పిల్ల నవ్వేది బోడి గడ్డం చూసి. అమ్మ “ముసలోడికి సోకు” అని నవ్వుతుంది. నేను నవ్వనా మాననా అని ఆగుతాను, ఈ మధ్య జుట్టుకి రంగు వేయించుకోవడం మొదలెట్టాను గనక. ఎవరి నవ్వు వాళ్లదే, గదిలో మోత మాత్రం ఒక్కటే. కుటుంబ చిత్రం అన్న ముద్ర ఇలాంటి చోట్ల సార్థకమవుతుంది. పిల్లల కోసం ఒక కోతి చేష్ట, పెద్దల కోసం ఒక ఏడుపు అని పొట్లాలు కట్టి పంచితే కాదు.

సినిమా వల్ల నష్టం లేదనను. రంగారావు ఆ కళ్లు ఒకసారి చూపించాక, పుస్తకంలో ఏ మాంత్రికుడు వచ్చినా ఆ కళ్లతోనే వస్తాడు. బ్యారన్ పొయ్యి వెలుగులో నేను ఊహించుకున్న మాంత్రికుడొకడు ఉండేవాడు. బక్కపలచగా, మెల్లకన్నుతో. వాడు ఇప్పుడు నాకు దొరకడు. ఎంత గుర్తు తెచ్చుకున్నా వాడి నోట్లోంచి రంగారావు గొంతే వస్తుంది.

మొన్న సెలవుల్లో బళ్లు ఓడలయ్యాయి. మేనకోడలు ‘హ్యారీ పాటర్’ ఏడు పుస్తకాలూ చదివేసి, మొదటి సినిమా పెట్టి, మాటలు ఇంగ్లీషులో ఉన్నాయని పక్కన కూర్చుని అమ్మకి తెలుగులో చెప్పుకొచ్చింది. తెలిసినది అది, తెలియనిది అమ్మ. పిల్లకి ఆపుకోవడం ఇంకా చేతకాదు. మూడు మాటలకోసారి “ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు” అంటూ సగం ముందే బయటపెట్టేస్తోంది. అమ్మ మాత్రం బడి పెద్దాయన డంబుల్‌డోర్ పొట్టదాకా వేలాడే తెల్ల గడ్డంతో తెర మీదికి వచ్చిన దగ్గర్నుంచీ అనుమానంగా చూస్తోంది. ఆయన ఎంత చల్లగా మాట్లాడినా కరగలేదు. చివరికి అంది: “ఆ గడ్డపాయన్ని నమ్మొద్దని చెప్పవే ఆ కుర్రాడికి. ముద్దు చేసి బలికి పెంచుతున్నాడు.”

పిల్ల నవ్వలేదు. ఏడో పుస్తకంలో, ఆ కుర్రాడు ఏదో ఒకనాడు చావుకి ఎదురు వెళ్లక తప్పదని ఆ పెద్దాయనకి ముందే తెలుసన్న సంగతి బయటపడే అధ్యాయం దానికి బాగా గుర్తు. రిమోట్‌తో సినిమా ఆపి నా వైపు తిరిగింది.

“మామయ్యా, అమ్మమ్మకి నువ్వు చెప్పేశావా?”