కాణిపాకము విడిచి కడలి దాటువారికి



పూర్వము మన సీమలో తల నెరసినవారు కాశికి గాని శ్రీశైలమునకు గాని పోవలెనని తలచెడివారు. ఇప్పుడు ఉద్యోగవిరమణ ఉత్తరువు చేతికందిన మరునాటినుండియే బంధువులడుగు ప్రశ్న వేరు: "అయ్యవారూ, అమెరికాకు ఎప్పుడు పోతారు?" ఆంధ్రప్రదేశములో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 60 ఏండ్లకును, 2022లో 62 ఏండ్లకును పెరిగినది. కావున విమానమెక్కునాటికి మోకాళ్ళు అరిగియుండును, చెవి మందగించియుండును. అయినను కుమారుడు పిలిచినాడు, మనుమరాలు ఎదురుచూచుచున్నది. కాణిపాకమునుండి చిత్తూరు, చిత్తూరునుండి చెన్నపట్టణము లేక బెంగుళూరు, అచటినుండి కడలికావల. మా వాడలలో తాళము వేసిన ఇండ్లను లెక్కించినచో ఈ మాటలోని నిజము తెలియగలదు.

ఈ విషయమున మనవారిలో రెండు వాదములు వినవచ్చుచున్నవి. గుడి, మఠము, పొలము విడిచి చరమదశలో పరదేశమున కాపురముండుట శరణునికి తగదని ఒక వాదము. బిడ్డలున్న చోటే ఇల్లు, తక్కిన చింత ఏల అని మరియొకటి. మొదటి వాదము చేయువారు భక్తితోనే పలుకుదురు గాని, అది బసవన్న బోధలోని మాట కాదని నా అభిప్రాయము. దేవుడు ఒక ఊరికి కట్టువడియున్నాడని నమ్మువానికే ఊరు విడుచుట దేవుని విడుచుట యగును. బసవన్న చేసిన మేలు, దేవుని అరచేతిలోనికి తెచ్చుట. ఇష్టలింగము మెడలో నున్నవానికి గర్భగుడి తనతోడనే నడచును. మా ఊరి వరసిద్ధి వినాయకునికి వినాయకచవితి నుండి ఇరువదియొక్క దినములు ఉత్సవము జరుగును. ఊరితో కలిసి మేమును ఆనందింతుము. ఆ ఇరువదియొక్క దినములు దూరముననున్నచో మనసు పీకును, అది సహజము. కాని నాటి ఉదయమున లింగార్చన ఆగదు కదా!

రెండవ వాదము ఇంకను తేలికైనది. బిడ్డలున్న చోటు ఇల్లగుటకు బిడ్డలుండుట మాత్రమే చాలదు. అచట మన పని ఏమి, మన చోటు ఏది అను ప్రశ్న మిగిలియే యుండును.

శరణుల చరిత్ర చూడుడు. బసవన్న బాగేవాడిలో పుట్టి, కూడలసంగమమున పెరిగి, కల్యాణమున మంత్రియై, తుదకు మరల కూడలసంగమమునకే చేరినాడు. తెలుగున బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును రచించిన పాల్కురికి సోమనాథుడు ఓరుగల్లు సీమవాడు. ఆయన చరమదశలో కన్నడదేశమునకు పోయి, మాగడి సమీపమునగల కల్య గ్రామమున లింగైక్యము చెందినాడని సంప్రదాయము. ఒకరు తిరిగి వచ్చిరి, ఒకరు రాలేదు. ఇద్దరిలో ఎవ్వరినీ మనము తప్పుపట్టలేదు. కొందరు మా వినాయకుని ఎదుట నిలిచి, "ఇక ఇక్కడికే వచ్చి కన్నుమూస్తాను స్వామీ" అని ప్రమాణము చేసి పోవుచున్నారు. కాణిపాకమున చేసిన ప్రమాణమునకు జనులిచ్చు విలువ అందరెరిగినదే. రేపటి ఆరోగ్యమెట్లుండునో తెలియనివాడు అట్టి ప్రమాణము చేయకుండుటయే మేలు.

ఈ సందర్భమున మోళిగ మారయ్యను తప్పక తలచుకొనవలయును. ఆయన కాశ్మీరదేశమున రాజని, భార్య మహాదేవమ్మతో కూడ రాజ్యమును విడిచి కల్యాణమునకు వచ్చినాడని పెద్దలు చెప్పుదురు. భాష వేరు, ఆహారము వేరు, గాలి వేరు. పైగా రాజుగా బ్రతికినవాడు. అట్టివాడు వచ్చిన చోట ఏమి చేసెను? అడవికి పోయి కట్టెలు కొట్టి, మోపు కట్టి, అమ్మి, దానితో జంగమ దాసోహము సలిపెను. మోళిగ యనగా కట్టెల మోపు. రాజు పేరు మరుగుపడి మోపు పేరే నిలిచినది. ఒకనాడు మారయ్య ఇంట లేనప్పుడు బసవన్న జంగమవేషమున వచ్చి గంజి త్రాగి, ఆ పేదరికము చూడలేక మాడలు ఉంచిపోయెనట. మారయ్య వాటిని తాకక జంగమములకు పంచివేసెను. తాను చేయని కాయకమునకు ఫలము తనది కాదని ఆయన నిశ్చయము.

నేడు కడలి దాటు మన వృద్ధులకు ఈ కథలో రెండు పాఠములు గలవు. మొదటిది, పూర్వపు పదవిని వెంటపెట్టుకొని పోరాదు. ఇచట ప్రధానోపాధ్యాయుడు, తహసీల్దారు, సర్పంచి అయినవారు అచట ఎవ్వరికినీ తెలియరు. వీధిలో నమస్కరించువాడుండడు, అసలు వీధిలో మనిషియే కనబడడు. కారు నడుపుట రానివారికి అంగడికి పోవుటకైనను కొడుకు సెలవుదినము వరకు ఆగవలసియుండును. పగలంతయు ఇల్లు నిశ్శబ్దము. ఇచటి అరుగుమీది కబుర్లకు అలవాటుపడినవానికి ఆ నిశ్శబ్దము మంచుకంటె చలిగా నుండును. రెండవది, కాయకమునకు విరమణ లేదు. జీతమునకు విరమణ గలదు, కాయకమునకు లేదు.

"అచట పని చేయ చట్టము ఒప్పదు కదా?" అని అడుగుదురు. సందర్శకుని వీసాతో పోయినవారు సాధారణముగా ఆరు నెలలుందురు. కూలికి పనిచేయరాదు, నిజమే. కాయకమనగా కూలి ఒక్కటే అని ఎవరు చెప్పిరి? సిలికానాంధ్ర వారు 2007 నుండి నడుపుచున్న మనబడిలో తెలుగు పిల్లలకు అక్షరములు నేర్పువారందరును స్వచ్ఛంద సేవకులే. ముప్పది ఏండ్లు గుణింతములు దిద్దించిన తెలుగు పండితుడు అచటి గదిలో కూర్చుండి టెలివిజను చూచుట నాకు బాధగా నుండును. అచటి పబ్లిక్ లైబ్రరీలలో పలుచోట్ల ఆంగ్ల సంభాషణము ఉచితముగా నేర్పుదురు; అరువదియైదేండ్ల వయస్సున పలక పట్టుటకు సిగ్గుపడనక్కరలేదు. పెరటిలో తోటకూర, మెంతికూర పెంచి ఇరుగుపొరుగునకు పంచుట దాసోహము కాదా? రాగిపిండి అచట కూడ దొరకును. సంకటి కెలికి పొరుగింటి పంజాబీ వృద్ధునికి పెట్టి చూడుడు, భాష తనంతట తానే వచ్చును.

ఇచట స్త్రీల విషయము చెప్పక తప్పదు. పదవీ విరమణ అయ్యకే గాని అమ్మకు లేదు. అచటికి పోయిన తరువాత అమ్మ వంట, అంట్లు, పసిబిడ్డ స్నానము, పెద్దబిడ్డ బడి. అయ్యకు చేతిలో ఫోను. మనుమల సాకుట గొప్ప కాయకమే, సందేహము లేదు. అయితే ఇష్టపడి చేసినదే కాయకము; అడుగక మీద వేసినది వెట్టి. కోడలును, కొడుకును పని ఇంత, విశ్రాంతి ఇంత అని ముందే మాటలాడుకొని అమ్మను పిలువవలయును. అయ్య కూడ అంట్లు తోమవలయును. కట్టెలు మోసిన రాజు కథ విని కన్నీరు పెట్టుకొను మనము గిన్నె తోముటకు వెనుకాడుట ఎట్లు?

మనవారు కడలి దాటుట నిన్న మొన్నటిది కాదు. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవు చేరినది. ఆ తరువాత యాబది ఏండ్లపాటు చెరకుతోటల కూలికి పోయినవారిలో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా వారు అనేకులు. నేటి చిత్తూరు ప్రాంతము ఆ జిల్లాలోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినది, ఆ సంవత్సరమే నేటాల్‌కు కూలీలను పంపుట ఆగినది. గడువు ముగిసినను చాలమంది తిరిగి రాక అచటనే ముదిసి, అచటి మట్టిలోనే కలిసిరి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. వారికి పెన్షను లేదు, ఫోను లేదు, ఊరినుండి ఉత్తరము వచ్చునను ఆశ కూడ తక్కువ. వారితో పోల్చిన మన కష్టము ఎంత? న్యూయార్కు నగరమున ఫ్లషింగులో 1977 జులై 4న మహావల్లభ గణపతికి ప్రతిష్ఠ జరిగినది. లండనులో థేమ్సు నది ఒడ్డున 2015 నవంబరు 14న బసవేశ్వరుని విగ్రహము ఆవిష్కరింపబడినది. మనకు ముందు పోయినవారు దారి వేసియున్నారు.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1986లో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో కన్నుమూసినాడు. ఆయన మార్గము మన మార్గము కాదు. అయినను మన సీమవాడు కనుక ఇచట తలచితిని.

లౌకికమైన జాగ్రత్తలు కొన్ని గలవు. ధర్మపత్రికలో ఇవి ఏల యని అనుకొనరాదు, అప్పులేని, చిక్కులేని బ్రతుకు కూడ సదాచారమే. పౌరసత్వము పొందిన కుమారుడు గాని కుమార్తె గాని 21 ఏండ్లు నిండినవారైనచో తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు కోరవచ్చును. దానిని పొంది, ముందుగా అనుమతి తీసికొనక ఏడాదికి మించి ఇచట ఉండిపోయినచో అది నిలుచుట కష్టము. కావున అర్ధము అచట, అర్ధము ఇచట అను వారు దినములు లెక్కించుకొనవలయును. ముసలితనపు వైద్యభీమాయగు మెడికేర్‌ను 65 ఏండ్లు దాటినవారైనను, శాశ్వత నివాసులై ఎడతెగక ఐదేండ్లు ఉన్న తరువాతనే రుసుము కట్టి పొందగలరు. అంతవరకు ఆసుపత్రి ఖర్చు బిడ్డలపై పడును. ఇది ముందే మాటలాడుకొనని ఇండ్లలో కలతలు చూచితిని. పెన్షనుదారులు ఏటేట ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రమును భారత కాన్సులేటులో పొందవచ్చును. అచటి పౌరసత్వము తీసికొన్నచో ఇచటి పౌరసత్వము పోవును; ఓ.సి.ఐ. కార్డు వచ్చును గాని ఓటు రాదు, క్రొత్తగా సాగుభూమి కొనుటకు వీలులేదు. ముందున్న మామిడితోట ఉంచుకొనవచ్చును.

లింగధారులకు మరియొక మాట. విమానాశ్రయమున వెండి లింగకాయ యంత్రమున మ్రోగును. తత్తరపడి తీసి బుట్టలో పడవేయకుడు. ఇది మా దైవమని చెప్పి, వేరుగదిలో పరీక్షింపుడని కోరు హక్కు అమెరికా విమానాశ్రయములలో గలదు. చేతిసంచిలో విభూతిపొడి హెచ్చుగా ఉన్నచో 2018 నుండి అదనపు పరీక్ష గలదు. విభూతిపండును పెద్దపెట్టెలో ఉంచుట మేలు.

ఇక అందరును దాటవేయు విషయము. మనము దహనము చేయము, సమాధి చేయుదుము. అచట కన్నుమూసిన హిందువులకు దహనమే మామూలు. బిడ్డలు దుఃఖములో నుండి, మిత్రులు చెప్పినట్లు చేసివేయుదురు. తరువాత ఊరిలో మాట వచ్చును. శవమును ఇచటికి తెచ్చుటకు మరణపత్రము, శవము చెడకుండ మందులు ఎక్కించిన పత్రము, కాన్సులేటు అనుమతి కావలయును, దినములు గడచును. అచటనే సమాధి చేయుటకు శ్మశానవాటికలో ముందే చోటు కొనవలయును. చాలచోట్ల పెట్టెలోనే పరుండబెట్టవలెనని, చుట్టు కాంక్రీటు తొట్టి ఉండవలెనని నియమము. కూర్చుండబెట్టుటకు వీలగునో లేదో ముందే అడిగి తెలిసికొనవలయును. వీలుకాకున్న చేతిలో ఇష్టలింగము, నొసట విభూతి, చెవిలో పంచాక్షరి ఉన్నచో చాలునని నా నమ్మకము. మీ గురువును అడిగి నిశ్చయించుకొనుడు.

మారయ్య ముదిమిలో ఐక్యమునకై కైలాసమును కోరగా మహాదేవమ్మ మందలించినదని పెద్దలు చెప్పుదురు: లింగమును చేతబట్టినవానికి వేరే కైలాసమెక్కడిది, పోవుటెక్కడికి యని. ఆ తల్లి కాశ్మీరము విడిచి వచ్చినది, తిరిగి పోలేదు, పోవలెనని అడుగలేదు.

కావున ప్రయాణమునకు ముందు భార్యాభర్తలిద్దరును కూర్చుండి ఒక కాగితము వ్రాయుడు. మా సమాధి ఎచట, ఎట్లు, మంత్రము చెప్పువాడెవడు, మా ఇష్టలింగములు ఏమి కావలెను అని స్పష్టముగా తెలుగునను ఆంగ్లమునను వ్రాసి ఇద్దరును సంతకము చేయుడు. మనుమనికి పంచాక్షరి నేర్పి, ఆ పేరు కూడ అందు వ్రాయవచ్చును. ఒక ప్రతి కొడుకు బీరువాలో నుండవలయును, ఒక ప్రతి ఊరి మఠములో ఇచ్చి పోవలయును.